గేజు ముల్లు 5 దగ్గరే ఆగిపోతే, పంపు మార్చే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కాజీపేటలో ఉంటావు. రెండేళ్ల కింద మీ బావ అమెరికా నుంచి ఎస్ప్రెస్సో మెషిన్ తెచ్చిచ్చాడు, మన కరెంటు వోల్టేజ్‌ని దానికి సరిపడా తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టి వాడుతున్నావు. మొదట్లో ప్రెషర్ చూపించే గేజు ముల్లు 9 దగ్గర నిలబడేది, ఈ నెల నుంచి 5 దాటట్లేదు. 18 గ్రాముల పొడి వేస్తే 12 సెకన్లకే కప్పు నిండుతోంది, కాఫీ పల్చగా, పుల్లగా వస్తోంది. పొద్దున కొంచెం నయం, సాయంత్రం మరీ అధ్వానం. చూడటానికి వచ్చిన మెకానిక్ పంపు పోయింది, మార్చాలి అన్నాడు. మార్చాలా అని అడిగావు. చివర్లో, ఈ మధ్య గింజల ప్యాకెట్ కూడా మార్చానని ఒక్క ముక్క రాశావు.

పంపు ఇప్పుడే మార్చకు.

నాకు వరంగల్ పోచమ్మమైదాన్ దగ్గర మోటారు వైండింగ్ షాపు ఉంది, ఇరవై రెండేళ్లయింది. బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్ పంపులు రోజూ చేసే పని. ఏడెనిమిదేళ్లుగా ఈ కాఫీ మెషిన్లు కూడా వస్తున్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర ఎక్కువ కదా. పంపు పోయిందని చెప్పి నా బల్ల మీద పెట్టినవాటిలో పంపు నిజంగా పోయినవి చాలా తక్కువ. పొడి దగ్గర, కరెంటు దగ్గర, నీళ్ల దగ్గర ఉన్న తప్పుకి ఎక్కువసార్లు పంపే బలైపోతుంది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. పంపు ప్రెషర్‌ని పుట్టించదు. అది నీళ్లను తోస్తుంది, అంతవరకే. ఎదురుగా అడ్డం ఉంటేనే ప్రెషర్ పుడుతుంది. వాకిట్లో చల్లే పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం కొడతాయి, వేలు తీస్తే కాళ్ల దగ్గరే పడతాయి. లోపల మోటారు మాత్రం ఒకేలా తిరుగుతోంది. నీ మెషిన్లో ఆ బొటనవేలు కాఫీ పొడి. పెట్టె మీద 15 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) అని అచ్చు వేస్తారే, అది నీళ్లు ఎటూ పోకుండా పూర్తిగా మూసేస్తే పంపు ఎంతవరకు తోయగలదో చెప్పే లెక్క. కాఫీ ఆ ప్రెషర్‌తో దిగుతుందని కాదు.

9 బార్ అంటే ఎంతో మన లెక్కలో చెప్తాను. ఒక బార్ దాదాపు 10 మీటర్ల నీటి ఎత్తుకి సమానం. 9 బార్ అంటే 90 మీటర్లు, దగ్గరదగ్గర 300 అడుగులు. 300 అడుగుల బోరు లోంచి నీళ్లు పైకి తేవాలంటే మోటారు ఎంత తోయాలో, గుప్పెడు కాఫీ పొడి మీద ఈ చిన్న పంపు అంత తోస్తోంది. పొడి వేసే బాస్కెట్ 58 మిల్లీమీటర్లదైతే పొడి మీద పడే మొత్తం బరువు 240 కిలోల దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు ఐదు బియ్యం బస్తాలు. అంత బరువుని ఆపాల్సిన పొడి బరకగా ఉన్నా, పాతదైనా, ఒక పక్క గుల్లగా ఉన్నా నీళ్లు అటు నుంచి జారిపోతాయి, ముల్లు కిందే ఉండిపోతుంది. అందుకే 5 చూపించిందనగానే పంపుని అనుమానించకూడదు. నీళ్లు తేలిగ్గా జారిపోతున్నాయా, లేక పంపే తోయలేకపోతోందా, ముందు ఈ రెండింటినీ విడదీయాలి.

విడదీయడానికి ఒక్క పరీక్ష చాలు. చిల్లుల్లేని బాస్కెట్ ఒకటి దొరుకుతుంది, బ్లైండ్ బాస్కెట్ అంటారు. మామూలు బాస్కెట్‌లో పెట్టే రబ్బరు బిళ్లయినా సరే. నీ మెషిన్ సైజు చూసి కొను, 58, 54, 51 ఇలా రకాలున్నాయి. పొడి వేయకుండా దాన్ని హ్యాండిల్‌లో పెట్టి బిగించు. మెషిన్ బాగా వేడెక్కాక కాఫీ స్విచ్ వేసి ముల్లునే చూడు. పది సెకన్లు చాలు, అంతకు మించి నడపకు. నీళ్లు పోవడానికి దారి లేదు కాబట్టి ముల్లు లేవాలి. 9 దాటి ఒకచోట గట్టిగా నిలబడితే పంపు బాగున్నట్టే, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే ప్రెషర్ వాల్వ్ కూడా బాగున్నట్టే. ఇక మెషిన్ విప్పాల్సిన పని లేదు, తప్పు పొడి దగ్గరే ఉంది. అప్పుడు కూడా 5, 6 దగ్గరే ఆగితే మెషిన్ వైపు చూడాలి.

ఒక జాగ్రత్త. స్విచ్ ఆపగానే హ్యాండిల్ తిప్పి ఊడదీయకు. త్రీవే వాల్వ్ ఉన్న మెషిన్లో ఆపిన వెంటనే 'టస్' మని ప్రెషర్ కింద ట్రేలోకి వదిలేస్తుంది, ఆ చప్పుడు విన్నాకే తీయి. ఆ వాల్వ్ లేని చిన్న మెషిన్లలో మరిగే నీళ్లు లోపలే బిగిసి ఉంటాయి, తొందరపడితే చేతి మీద చిమ్ముతాయి. హ్యాండిల్ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ, ప్రెషర్ పూర్తిగా పోయాకే తీయాలి.

ఈ పరీక్ష పొద్దున ఒకసారి, రాత్రి ఏడెనిమిదికి ఒకసారి చేయి. నీ విషయంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు పొడి సంగతి. గింజల ప్యాకెట్ మార్చానని చివర్లో రాశావే, నువ్వు రాసినదంతటిలో నాకు అదే పెద్ద మాటగా కనిపించింది. ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉందేమో చూడు. ఎక్స్‌పైరీ తేదీ కాదు, రోస్ట్ చేసిన తేదీ. వేయించిన గింజలో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ మెల్లగా పోతుంది. గింజ తాజాగా ఉన్నప్పుడు ఆ గ్యాసు నీళ్లకు ఎదురు నిలబడుతుంది, మీద తేనె రంగు నురగ కడుతుంది. మూడు నాలుగు నెలల కింద వేయించిన గింజలైతే పాత సెట్టింగ్ మీదే ఎంత ఆడించినా నీళ్లు జారిపోతాయి. అరకు గింజలైనా చిక్కమగళూరు గింజలైనా తేడా ఏమీ లేదు. వేయించి వారం దాటినవి, నెలా నెలన్నరలో అయిపోయేంత మాత్రమే తెప్పించుకో. గాలి తగలని డబ్బాలో పెట్టు, పొయ్యి పక్కన పెట్టకు.

మరపట్టడం గురించి మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. కొంతమంది మిక్సీలో ఆడిస్తారు. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది, కొంత పిండి అవుతుంది, కొంత రవ్వలా మిగులుతుంది. అలాంటి పొడిలో నీళ్లు రవ్వ ఉన్న చోట దారి చేసుకుని పారిపోతాయి. గిర్నిలో రెండు రాళ్ల మధ్య జొన్నలు ఎలా నలుగుతాయో గింజ కూడా అలా రెండు పళ్ల చక్రాల మధ్య సమంగా నలగాలి. నీ దగ్గర బర్ గ్రైండర్ ఉందని రాశావు, మంచిది. ఇప్పుడున్న చోటు నుంచి ఒక్క గీత మెత్తగా జరుపు, ఒక షాట్, అంటే ఒక విడత కాఫీ, తీసి చూడు. చాలకపోతే ఇంకో గీత. ఒకేసారి నాలుగు గీతలు జరిపితే కాఫీ చుక్క కూడా దిగదు, అప్పుడు మళ్లీ పంపు మీద అనుమానం వస్తుంది. లక్ష్యం ఇది: 18 గ్రాముల పొడికి కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. కప్పుని కాటా మీద పెట్టి తూచు, కంటి అంచనా వద్దు. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కొనుక్కో. గ్రైండర్ తర్వాత అంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

కిరాణా కొట్లో దొరికే ఫిల్టర్ కాఫీ పొడి మాత్రం ఇందులో వేయకు. చాలావాటిలో చికోరీ ఉంటుంది. తడవగానే జిగురులా ఉబ్బి చిల్లుల్ని మూసేస్తుంది, పొడి మీదికి నీళ్లు దిగే జాలీ వెనక పేరుకుంటుంది. ఆ పొడికి ఇత్తడి ఫిల్టరే సరైన చోటు, అందులో చేసిన కాఫీ అంటే నాకూ ప్రాణం.

పొడిని అదిమే ట్యాంపర్‌తో ఎంత గట్టిగా నొక్కాలని చాలామంది అడుగుతారు. పైన 240 కిలోల లెక్క చెప్పాను కదా, దాని ముందు నీ చెయ్యి పెట్టే పది పదిహేను కిలోలు ఏపాటివి? పొడి ఇక కదలకుండా కూర్చునేదాకా నొక్కితే చాలు. సమంగా నొక్కడమే ముఖ్యం. ట్యాంపర్ ఒక పక్కకు వాలితే లోతు తక్కువ ఉన్న వైపు నుంచి నీళ్లు దూసుకుపోతాయి. నొక్కే ముందు పొడిలో ఉండలు లేకుండా విడగొట్టాలి. సీసా బిరడాకు నాలుగైదు సన్నని సూదులు గుచ్చి, వాటితో బాస్కెట్ అడుగు నుంచి పైదాకా మెల్లగా కలిపితే చాలు. నీళ్లు దారి చేసుకుంటున్నాయో లేదో కంటితో చూడాలంటే అడుగు లేని హ్యాండిల్ దొరుకుతుంది. సమంగా ఉన్నప్పుడు చుక్కలు అంతటా పుట్టి మధ్యకు చేరి ఒకే ధారగా దిగుతాయి. దారి పడిందంటే పక్క నుంచి సూదిలా చిమ్ముతుంది, ముల్లు ఆ క్షణంలోనే ఒకటి రెండు గీతలు పడిపోతుంది.

నీ బాస్కెట్ అడుగున బయటివైపు ఒక్కటే సన్న చిల్లు ఉందా, లేక అంతా జల్లెడలా ఉందా, అదీ చూడు. ఒక్క చిల్లు ఉంటే అది డబుల్ వాల్ బాస్కెట్. అందులో ప్రెషర్ పుట్టించేది ఆ చిల్లే కాబట్టి గ్రైండర్ ఎంత తిప్పినా ముల్లులో పెద్ద తేడా రాదు.

ఇప్పుడు కరెంటు. పొద్దున నయం, సాయంత్రం అధ్వానం అన్నావు. గింజలు పొద్దున తాజాగా ఉండి సాయంత్రానికి పాతబడవు. పంపు కూడా పొద్దున బాగుండి సాయంత్రం పోదు. గంటను బట్టి మారేది ఇంట్లో ఒకటే ఉంది, వోల్టేజ్.

ఇళ్లలో వాడే ఇలాంటి మెషిన్ల పంపులో ఎక్కువగా ఉండేది తిరిగే మోటారు కాదు. ఒక కాయిల్, దాని మధ్యలో ఒక పిస్టన్, ఒక స్ప్రింగు, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే ఒక డయోడ్. కరెంటు అల ఒక సగంలో అయస్కాంతం పిస్టన్‌ని లాగుతుంది, ఇంకో సగంలో స్ప్రింగు దాన్ని తోస్తుంది, ఆ తోపుకే నీళ్లు కదులుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 50 తోపులు. వోల్టేజ్ తగ్గితే అయస్కాంతం బలం తగ్గుతుంది, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ప్రతి తోపూ పొట్టిదవుతుంది. తక్కువ వోల్టేజ్‌లో బోరు మోటారు మూలుగుతుందే తప్ప నీళ్లు పోయదు, రైతు ఎవరినడిగినా చెప్తారు. ఇదీ అంతే.

నీది అమెరికా మెషిన్, 120 వోల్ట్లు, 60 హెర్ట్జ్ కోసం చేసింది. స్టెప్‌డౌన్ వోల్టేజ్‌ని మారుస్తుంది, హెర్ట్జ్‌ని మార్చదు. కాబట్టి ఆ పంపు ఇక్కడ మొదటి రోజు నుంచీ సెకనుకి పది తోపులు తక్కువే కొడుతోంది, కాయిల్ కూడా అక్కడికంటే ఎక్కువ వేడెక్కుతుంది. అయినా రెండేళ్లు 9 చూపించింది కాబట్టి ఇప్పుడు పడిపోవడానికి హెర్ట్జ్ కారణం కాదు. చూడాల్సింది స్టెప్‌డౌన్ వాటేజ్. హీటర్‌తో కలిపి ఇలాంటి మెషిన్ 1300 నుంచి 1500 వాట్ల దాకా లాగుతుంది, 110 వోల్ట్ల వైపు అంటే 12, 13 ఆంపియర్లు. దానికి 2000 వాట్ల స్టెప్‌డౌన్ అయినా ఉండాలి. చిన్నది పెడితే హీటర్ ఆన్ అయినప్పుడల్లా వోల్టేజ్ కుంగుతుంది.

ఇది నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. సుబేదారిలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఇలాంటి మెషినే తెచ్చారు. షాపులో పెట్టి చూస్తే పంపు కొంచెం నీరసంగా అనిపించింది, కొత్తది తెప్పించి వేశాను. రెండు వారాలకు ఆయన మళ్లీ వచ్చారు, అదే కంప్లయింట్. ఈసారి సాయంత్రం పూట వాళ్లింటికే వెళ్లాను. ఫ్రిజ్ వెనకాల ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి స్టెప్‌డౌన్, దానికి మెషిన్. ప్లగ్గు పీకి చూస్తే ఒక పిన్ను నల్లబడి ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకి తిరిగింది. మీటర్ పెట్టాను. మెషిన్ ఊరికే ఉన్నప్పుడు 110. హీటర్, పంపు రెండూ నడుస్తున్నప్పుడు 88. స్టెప్‌డౌన్‌ని వంటింటి గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కి నేరుగా పెట్టగానే ముల్లు నా కళ్ల ముందే 9కి లేచింది. ఆయన పాత పంపులో ఏ తప్పూ లేదు. కొత్త పంపు డబ్బులు వాపసు ఇచ్చాను. అప్పటి నుంచి ఎవరు తెచ్చినా నా మొదటి ప్రశ్న, ఏ సాకెట్‌కి పెట్టారని.

నువ్వూ అదే చూడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే తీసేయి. పది నిమిషాలు వాడాక కరెంటు ఆపి ప్లగ్గు ముట్టుకో, వేడిగా ఉంటే సాకెట్ మార్చాలి. మీటర్ లేకపోతే ఇంకో గుర్తు ఉంది. బ్లైండ్ బాస్కెట్ పరీక్ష చేసేటప్పుడు హీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు ముల్లు ఎంత, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎంత చూడు. కొన్ని మెషిన్లలో లైటు వెలిగితే వేడెక్కుతోందని, కొన్నింట్లో వేడెక్కిందని అర్థం, నీది ఏదో ముందు తెలుసుకో. రెండింటికీ మధ్య రెండు బార్లు తేడా ఉంటే తప్పు కరెంటుదే. మీటర్ వాడటం అలవాటు లేకపోతే మాత్రం సాకెట్లో మీటర్ పుల్లలు పెట్టకు, ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఎర్త్ పిన్ లేకుండా నడపకు, ఇది నీళ్లూ కరెంటూ కలిసిన వస్తువు.

పొడి బాగుండి, వోల్టేజ్ బాగుండి, అప్పటికీ బ్లైండ్ బాస్కెట్‌తో ముల్లు లేవకపోతే ఇవి చూడు. ట్యాంకులో నీళ్లు అయిపోయి గాలి పట్టిందేమో. బోరు మోటారు గాలి పడితే నీళ్లు పోసి ఎత్తిస్తాం కదా, ఇక్కడ వేడి నీళ్ల కాక్ లేదా స్టీమ్ కాక్ తెరిచి పంపు నడిపితే గాలి బయటికి పోతుంది. గాలి తిరుగుతున్నప్పుడు పంపు టకటకమని గట్టిగా మోగుతుంది, నీళ్లు అందగానే గొంతు దిగి సన్నగా గునుస్తుంది. హ్యాండిల్ బిగించే చోట అంచు నుంచి నీళ్లు కారుతుంటే వాషరు గట్టిపడింది, మార్చు. ట్యాంకు మూత తీసి, కాఫీ దిగుతుండగా లోపలికి తిరిగొచ్చే సన్న గొట్టం వైపు చూడు. ముల్లు 5 దగ్గరున్నప్పుడే అందులోంచి ధారగా నీళ్లు వస్తుంటే ప్రెషర్ వాల్వ్ మూసుకోవట్లేదు. అలాగే ట్రేలోకి దిగే గొట్టం కింద తడి లేని ఖాళీ గ్లాసు పెట్టు. కాఫీ తీస్తుండగా అందులో నీళ్లు పడితే త్రీవే వాల్వ్‌లో ఏదో ఇరుక్కుంది.

ఇరుక్కునేది చాలావరకు సున్నమే. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో తెలుసు కదా, అదే పొర పెన్సిల్ మొన అంత సన్నని దారుల్లో కడితే ఏమవుతుందో ఊహించుకో. కిరాణా కొట్టు నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు 20 గ్రాములు కలిపి, కొంచెం కొంచెంగా పంపి, మధ్యలో పావుగంట ఆపి, తర్వాత రెండు మూడు ట్యాంకుల మంచినీళ్లతో కడుగు. బాయిలర్ అల్యూమినియందైతే అంతసేపు నానబెట్టకు, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే చేయి. రోజువారీకి ఉత్త ఆర్వో నీళ్లు కూడా మంచివి కావు. మరీ ఖాళీ నీళ్లు లోహాన్ని తింటాయి, కొన్ని మెషిన్లలో నీటి మట్టం చూసే సెన్సర్ వాటిని గుర్తించదు. ఆర్వో నీళ్లలో కొంచెం మామూలు ఫిల్టర్ నీళ్లు కలిపి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 100 చుట్టుపక్కల ఉంచు.

గేజు ఎక్కువ మెషిన్లలో పంపుకి దగ్గరగా ఉంటుంది, పొడి దగ్గర కాదు. అందుకని జాలీ మూసుకుపోతే ముల్లు పైకి లేస్తుంది కానీ కప్పులోకి ఏమీ రాదు. అలాంటప్పుడు హ్యాండిల్ తీసేసి ఉత్త నీళ్లు వదులు, ధార సన్నగా ఉంటే జాలీ విప్పి కడుగు.

ఇవన్నీ అయ్యాక మిగిలేది పంపు. గునుస్తూ నీళ్లు అస్సలు లాగకపోయినా, గాలి తీసినా బ్లైండ్ బాస్కెట్‌తో లేవకపోయినా అప్పుడు మార్చు. మార్చేటప్పుడు మన బజారులో దొరికే 230 వోల్ట్ల పంపు తెచ్చి నీ మెషిన్లో వేయనీయకు, స్టెప్‌డౌన్ కింద దానికి సగం వోల్టేజే అందుతుంది, సరిగ్గా కొట్టదు. 120 వోల్ట్లదే తెప్పించాలి. అప్పటిదాకా ఉన్న పంపుని నిమిషం కంటే ఎక్కువసేపు ఆపకుండా నడపకు, నిమిషం నడిపితే నిమిషం చల్లారనీ.

ఈ రెండు రోజుల్లో నాలుగు సంగతులు రాసి పంపు: గింజలు వేయించిన తేదీ, స్టెప్‌డౌన్ మీద రాసున్న వాట్లు, బ్లైండ్ బాస్కెట్‌తో పొద్దున ముల్లు ఎంత, రాత్రి ఎంత. పొద్దున 9 ఉండి రాత్రి 6 ఉంటే ఫోటో కూడా పెట్టు, మెషిన్‌ది కాదు, దాని వెనక ఉన్న ప్లగ్గుది.